ఐదో ట్యూబు ఒక్కటే సరి

పది గంటలకు నా చేతిలో ఈ కాగితం పెట్టారు. పదకొండుకి మా పెద్ద మేడమ్ లోపలికి పిలుస్తారు, ఈలోగా చదివి సంతకం చేసి ఉంచమన్నారు. చదవడానికి ఏముంది, పదమూడు అంకెలు ఒకదాని కింద ఒకటి, పైన ఒక్క వాక్యం, 'ఈ క్రింది దాతల మెదడు ముక్కలు పరిశోధనకు పనికిరావని తేలినందున ఫ్రీజరు నుంచి తీసి దహనానికి పంపవలెను', అడుగున నా హోదా, ఒక గీత. గీత మీద సంతకం పెట్టడం నాకు కొత్తా ఏమన్నా, ఇరవై ఆరేళ్ళుగా ఈ బ్యాంకులో మెదళ్ళు కోస్తున్నాను. బ్యాంకు అంటే కొత్తగా చేరినవాళ్ళు నవ్వుతారు, అవునమ్మా, ఇక్కడ దాచుకున్నవాళ్ళెవరూ మళ్ళీ తీసుకోవడానికి రారు అని నేనే ముందు అనేస్తాను, వాళ్ళ మొహాలు కాస్త తేలికపడతాయి. రెండు నెలల్లో రిటైరవుతాను. ఇలాంటి జాబితాలు ఏడాదికొకటి వస్తాయి, ఫ్రీజరులో చోటు చాలదు, పాడైనవి పోతేనే కొత్తవి పడతాయి. జేబులోంచి పెన్ను తీశాను, క్యాప్ కూడా తీశాను. ఎనిమిదో అంకె నలభై ఒకటి. నలభై ఒకటి మా నాన్న. ఆ సంగతి ఈ భవనంలో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

నా పక్కన బెంచీ మీద లెక్కలపిల్ల ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని గోళ్ళు కొరుక్కుంటోంది. ఆ పేరు నేను పెట్టిందే. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, ఇంతవరకు ఒక్క మెదడునీ చేత్తో పట్టుకోలేదు, బరువెంతో గ్రాముల్లో చెబుతుంది గాని అరచేతిలో అది ఎలా కుదురుకుంటుందో తెలియదు, అయినా మేము పాతికేళ్ళు కోసి దాచినదాన్నంతా ఏడాదిలో చదివేసింది. మొదట్లో నాకు కాస్త కడుపుమంటగానే ఉండేది. ఒకరోజు టీ తాగుతూ ఏం చదువుతున్నావే తల్లీ అందులో అని అడిగితే కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది. ఒంట్లో ఏ కణాన్ని తీసుకున్నా జన్యువులన్నీ ఉంటాయట, గోటిలోనూ అవే, కంటిలోనూ అవే, తేడా అంతా ఏవి మాట్లాడుతున్నాయి, ఏవి నోరు మూసుకున్నాయి అన్న దగ్గరే. మెదడులో ఒక్కో చోట ఒక్కో జట్టు మాట్లాడుతుంది. ఒక జన్యువు పెరిగితే దాని వెంట నలభై పెరుగుతాయి, అది తగ్గితే అవీ తగ్గుతాయి. "క్లాసులో ఎవరు ఎవరితో కలిసి డుమ్మా కొడుతున్నారో చూస్తే ఎవరు ఎవరి ఫ్రెండో తెలిసిపోతుంది కదా అక్కయ్యా, ఇదీ అంతే" అంది. అలా కలిసి లేచి కలిసి కూర్చునేవాటిని తెర మీద చుక్కలుగా పెట్టి గీతలతో కలుపుతుంది. జ్ఞాపకాల ముక్కలో ఒక అల్లిక, చెయ్యి అలవాట్లు ఉండే ముక్కలో ఒక అల్లిక, చిన్నమెదడులో మరొకటి. జబ్బు చేసినప్పుడు ఏ అల్లిక ముందు విడిపోతుంది, ఏది ఆఖరిదాకా పట్టుకుని ఉంటుంది, ఆ పిల్ల వెతుకులాట అది. నాకు ఆ రోజు నుంచి కడుపుమంట పోయింది, నా కత్తి చెప్పలేనిది ఏదో ఈ పిల్ల చెప్పగలదని అర్థమైంది.

ఇవాళ పొద్దున్న పదింటికి కాగితం ఇచ్చి వెళ్ళిపోకుండా నా పక్కనే కూలబడి అది మాట్లాడిన మాటలే ఇప్పుడు నా చెవుల్లో తిరుగుతున్నాయి. "మిగతా పన్నెండూ పోయినా నాకు బెంగ లేదు అక్కయ్యా. కరెంటు పోయినప్పుడు కరిగి మళ్ళీ గడ్డకట్టినవి, వాటిలో ఏమీ మిగల్లేదు. ఈ నలభై ఒకటే నా ప్రాణం తీస్తోంది. ముక్కలు శుభ్రంగా ఉన్నాయి, కానీ ఏ ముక్కా తన చోటి మాట మాట్లాడట్లేదు. తొమ్మిదింట్లో ఎనిమిది తప్పు. ఐదోది ఒక్కటే సరి." మరి ఏది ఏదో నీ లెక్కకి తెలియదా అన్నాను, గొంతు మామూలుగానే ఉంచి. "చిన్నమెదడు అరిచి చెబుతుంది, అలవాట్ల ముక్కా తెలిసిపోతుంది. పై పొర ముక్కలతోనే తంటా, ఫోన్లో అక్కచెల్లెళ్ళ గొంతుల్లా ఉంటాయి. ఊహించి పేర్లు పెడితే మేడమ్ ఊరుకోరు, ఎక్కడ తప్పు జరిగిందో కాగితం మీద కారణం ఉండాలి. కారణం ఎవరు చెప్తారు, పన్నెండేళ్ళయింది." దాని పట్టికలో ముక్కల పేర్లు అక్షర క్రమంలో ఉంటాయి కాబట్టి దానికి కనబడలేదు. నాకు ట్యూబులు కనబడ్డాయి. తొమ్మిది గుంటల ట్రే, ఒకే వరస, నుదుటి నుంచి వెనక్కి. అటూ ఇటూ మారితే ఒకటోది తొమ్మిదోచోట, రెండోది ఎనిమిదోచోట, మూడోది ఏడోచోట, నాలుగోది ఆరోచోట, నడిమి ఐదోది మాత్రం ఎటు తిప్పినా తన చోటే. ఎనిమిది తప్పు, ఒకటి సరి. తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాను. పెన్ను క్యాప్ మళ్ళీ పెట్టాను.

ట్రే ఒక చివర మూల కత్తిరించి ఉంటుంది, అదే ఒకటో గుంట. ఆ రోజుల్లో కోసిన వెంటనే ట్యూబులకి చీటీలు అంటించేవాళ్ళం కాదు, మంచు పట్టిన ట్యూబు మీద జిగురు నిలవదు, పెన్నుతో రాస్తే స్పిరిట్ తగిలి చెరిగిపోతుంది. అందుకని వరసలో పెట్టి గడ్డకట్టించి, మర్నాడు ఎవరు డ్యూటీలో ఉంటే వాళ్ళు కత్తిరించిన మూల చూసుకుని ఒకటి, రెండు, మూడు అని అంటించుకుంటూ పోయేవాళ్ళు. తర్వాత మంచుకి ఊడని చీటీలు వచ్చాయి, ఆ పద్ధతి పోయింది. మర్నాడు చీటీలు అంటించినావిడ తప్పు ఏమీ లేదు, ఆవిడ మూలని నమ్మింది. మూల అటువైపు ఉండగా ఇటునుంచి నింపినదాన్ని నేను. ఎందుకు? ఆ రోజుకి పద్నాలుగేళ్ళు అదే బల్ల దగ్గర అదే ట్రేని మూల ఎడమచేతి వైపు పెట్టుకుని నింపినదాన్ని, కళ్ళకు గంతలు కట్టినా తప్పు పెట్టనిదాన్ని, ఆ ఒక్కరోజు ట్రే ఎలా తిరిగింది? కోపం వస్తోంది నామీద నాకే. ఏడ్చావా అంటే ఏడవలేదు. చేతులు వణికాయా అంటే వణకలేదు, ఆ కోతలు ఇప్పటికీ ఉన్నాయి, కావాలంటే తీసి చూడమనండి, అంత తిన్నగా నా జీవితంలో మరెప్పుడూ కోయలేదు.

అసలు నేను కోయకూడదు. అయినవాళ్ళవి కోయకూడదని మొదటి పేజీలోనే ఉంటుంది రూలు. ఆ మధ్యాహ్నం వాన, ఆసుపత్రి నుంచి మంచు పెట్టెలో వచ్చింది, మీద నలభై ఒకటి అని రాసి ఉంది. దాతల పేర్లు సీలు వేసిన కవర్లో ఉంటాయి, మాకు అంకెలే. కానీ పొద్దున పదకొండింటికి నాన్న చేయి నా చేతిలో చల్లబడింది, ఆసుపత్రి ఫారం మీద సాక్షి సంతకం మా చెల్లి పెట్టింది, ఆ రోజు వచ్చింది ఒక్క పెట్టే. రెండో కోతగాడు జ్వరంతో ఇంట్లో ఉన్నాడు. ఫోను చేస్తే "రేపు పొద్దున్నే వచ్చేస్తాను, ఆగుతుందా" అన్నాడు. ఆగదు. ప్రాణం పోయినా కణాల్లో మాటలు కొన్ని గంటలపాటు ఉంటాయి, అవి చెదిరిపోకముందే గడ్డకట్టించాలి, ఆలస్యమైతే ఇచ్చినవాడి మనసు వృథా. నా ఇంటిపేరు పెళ్ళితో మారింది, ఆయన పేరుకీ నా పేరుకీ పొంతన లేదు, అడిగేవాళ్ళు లేరు. రెండు జతల గ్లవ్స్ తొడుక్కున్నాను. మర్నాడు చెల్లి "ఎవరు కోశారో ఏమో అక్కా నాన్నని, జాగ్రత్తగా కోసి ఉంటారంటావా" అంది. మంచి చెయ్యి ఉన్నవాళ్ళే కోసి ఉంటార్లేవే అన్నాను. పన్నెండేళ్ళు అదే మాట మీద ఉన్నాను. ఎవరైనా ఆఫీసులో 'రూలు' అంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేదాన్ని.

నాన్న అచ్చాఫీసులో కంపోజిటరు. నలభై నాలుగేళ్ళు నిలబడే చేసిన పని. ఎదురుగా చెక్క కేసు, దాన్నిండా చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో సీసపు అక్షరం, ఎడమచేతిలో అక్షరాలు పేర్చుకునే స్టిక్కు, కుడిచెయ్యి గళ్ళ మీద పిచ్చుకలా వాలి లేస్తూ ఉండేది. చూడకుండానే. ఆయన చూపు చేతిరాత కాగితం మీద ఉండేది, చెయ్యి తన పని తాను చేసుకుపోయేది. లెక్కలపిల్ల జన్యువుల సంగతి చెప్పిన రోజు నాకు మొట్టమొదట గుర్తొచ్చింది ఆ కేసే. అక్షరాలన్నీ అందరి కేసుల్లోనూ ఉంటాయి, ఏవి ఏరి ఏ వరసలో పేరిస్తే ఆ మాట. ఒక బల్ల దగ్గర శుభలేఖ, పక్క బల్ల దగ్గర వర్తమానం, ఆ పక్కన లెక్కల పుస్తకం, కేసులు మాత్రం ఒకటే. ఆ పోలిక చెబితే అది ఎగిరి గంతేసి మేడమ్ మీటింగులో వాడేసుకుంది, మా అక్కయ్య చెప్పింది అని కూడా అంది, పోనీలే అనుకున్నాను. నాకు చదువు నేర్పింది కూడా ఆ సీసపు అక్షరాలతోనే. స్టిక్కులో అక్షరాలు తలకిందులుగా, అద్దంలోలా ఉంటాయి, ఆయన అలాగే చదివేవాడు గడగడా. ఇంట్లో నేల మీద ఇద్దరం ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం, మధ్యలో కాగితం, కాగితం ఎప్పుడూ నావైపే తిరిగి ఉండేది, ఆయనకి తలకిందులుగా. నీకెలా కనబడుతోంది నాన్నా అంటే, "నాకేం తల్లీ, నేను ఎటునుంచైనా చదువుకుంటాను. చదవాల్సినవాళ్ళకి తిన్నగా ఉండాలి" అనేవాడు. క్రమంగా నాకూ ఆ విద్య అబ్బింది. మీటింగుల్లో ఎదుటివాళ్ళ ముందున్న కాగితాలు నేను ఇటునుంచే చదివేస్తానని ఎవరికీ తెలియదు, మొన్న నా రిటైర్మెంటుకి ఏ బహుమతి కొంటున్నారో కూడా అలాగే ముందే తెలిసిపోయింది.

ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైనది పేర్చడం కాదు, పని అయ్యాక అక్షరాలు మళ్ళీ ఏ గడివి ఆ గడిలో వెయ్యడం. మిగతావాళ్ళు విసుక్కునేవాళ్ళు, అందులో గొప్పేముంది, ఎవరికీ కనబడని పని. "ఇవాళ తప్పు గడిలో వేసిన అక్షరం రేపు ఎవడో అమాయకుడి పేజీలో తప్పై కూర్చుంటుంది. వాడికి తిట్లు పడతాయి, మనకి తెలియనైనా తెలియదు" అనేవాడు. పెన్ను నా వేళ్ళ మధ్య తడిసిపోతోంది. పన్నెండేళ్ళుగా నా అక్షరాలు తప్పు గళ్ళలో ఉన్నాయి నాన్నా, నాకు తెలియనైనా తెలియదు, ఇవాళ తిట్లు ఈ పక్కన కూర్చున్న పిల్లకి పడుతున్నాయి. పోయిన నెల మేడమ్ దీన్ని నలుగురిలో నిలబెట్టి, ఒక దాత మొత్తం తప్పు వస్తే ముందు నీ లెక్క తప్పేమో చూసుకో అందట, మూడు వారాలు తిండి మానేసి మళ్ళీ మొదటినుంచి చేసింది. కళ్ళ కింద నలుపు చూస్తే తెలుస్తోంది.

జబ్బు డెబ్భయ్యో ఏట పట్టుకుంది. ముందు పేర్లు పోయాయి, తర్వాత వస్తువుల పేర్లు, చెంచాని 'అది, ఆ తవ్వేది' అనేవాడు. తర్వాత ఇల్లు, తర్వాత చెల్లి, ఆ తర్వాత నేను. నేను వెళ్ళి కూర్చుంటే మర్యాదగా "మీరెవరమ్మా" అనేవాడు. మీరు అనేవాడు నన్ను. ఆ మాట వినలేక మొదటి నెలంతా వారానికొకసారే వెళ్ళాను, ఇంట్లో పనులున్నాయని నాకు నేనే చెప్పుకున్నాను. చేతులు మాత్రం పోలేదు. పాత ప్రెస్సు ఆయన ఒక చిన్న కేసు ఇచ్చాడు, దాన్ని ఒళ్ళో పెడితే పేర్చేవాడు, అర్థం లేని మాటలే గాని వరస తప్పేది కాదు, చివర్లో ఖాళీలు సరిగ్గా నింపేవాడు. ఎవరో తెలియని ఆడమనిషి ఎదురుగా కూర్చుందని కాస్త పక్కకు జరిగి, పేర్చిన స్టిక్కుని నావైపు తిప్పి పెట్టేవాడు. రోజూ. నేను దాన్ని చూసి బాగుందండీ అనేదాన్ని. మెదడు ఇచ్చేయాలన్నది ఇంకా మాటలున్న రోజుల్లో ఆయన తీసుకున్న నిర్ణయమే. అరిగిన సీసాన్ని పారెయ్యరు తల్లీ, కరిగిస్తే మళ్ళీ అక్షరమే అన్నాడు. ఆయన పోయాక పంపే ఫారంలో 'వృత్తి' అన్నచోట నేనే నింపాను, కంపోజిటరు, నలభై నాలుగేళ్ళు, ఆఖరి వారం వరకు చేతిపని చేయగలిగినవారు. అంత వివరంగా నింపిన ఫారం మా బ్యాంకులో ఇంకోటి లేదని, ఈయన ఉంటే తన వెతుకులాట సగం తీరేదని, ఈయన ఎవరో గాని బంగారమని లెక్కలపిల్ల అంటూనే ఉంటుంది. నేను కప్పులోకి చూసుకుంటూ ఊఁ అంటాను.

కానీ ఇంకొకటుంది. చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారే, అలాంటిది. ఆయన పోయిన ఏడాదికి అందరి ముక్కల మీదా ఒక చిన్న పరీక్ష చేశారు. కణాల మధ్య ముడులు పట్టి ఉంచే జట్టు ఎంత బలంగా ఉందో ముక్కకొక అంకె. ఏ ముక్క ఎక్కడిదో చెప్పేంత పెద్ద పరీక్ష కాదు. ఒకరోజు మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయినప్పుడు రిజిస్టరు తెరిచి నలభై ఒకటి చూశాను. ఏడో ముక్క, జ్ఞాపకాల ముక్క, వందకి డెబ్భై ఎనిమిది. జబ్బు చేసినవాళ్ళకి ఇరవై, ముప్పై ఉంటుంది. మూడోది, అలవాట్లది, ఇరవై రెండు. డెబ్భై ఎనిమిది! బాత్రూంలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను, అప్పటిదాకా ఏడవనిదంతా. అంటే ఆయనకి తెలుసు. మాట నోటికి రాలేదు గాని లోపల నేనున్నాను, మీరెవరమ్మా అన్నది నోరు, మనిషి కాదు. ఆ అంకెని పదకొండేళ్ళుగా కడుపులో దాచుకుని బతికాను. చెల్లికి చెప్పలేదు, చెబితే ఎలా చూశావంటుంది. వెళ్ళకుండా ఎగ్గొట్టిన రోజులన్నిటికీ ఆ అంకే నాకు క్షమాపణ. ఇప్పుడు ట్రే తిరిగితే ఏడు మూడవుతుంది, మూడు ఏడవుతుంది. డెబ్భై ఎనిమిది చేతులది. జ్ఞాపకానిది ఇరవై రెండు.

సంతకం పెట్టేస్తే సరి. ఎవరూ అడగరు, నలభై ఒకటి సాయంత్రం నాలుగింటికి దహనానికి పోతుంది, మనుషులు చివరికి పోయేది అక్కడికేగా, పన్నెండేళ్ళు ఆలస్యంగా పోయాడనుకుంటాను. నా డెబ్భై ఎనిమిది నాకుంటుంది. రెండు నెలల్లో దండ వేసి, గోడ గడియారం ఇచ్చి పంపుతారు. ఫ్రీజర్లు గోడ అవతల ఒకటే రొద, ఒకటి ఆగితే ఇంకోటి అందుకుంటుంది. కంప్యూటరు తెర మీద ఆ పిల్ల ఎవరిదో మెదడు తిప్పి తిప్పి చూస్తోంది, చుక్కలు, గీతలు. "అక్కయ్యా, మీకు చలేస్తోందా? చేతులలా పెట్టుకున్నారేంటి" అంది. లేదమ్మా అన్నాను. ఎందుకో అప్పుడే నీలం గేటు గుర్తొచ్చింది, నాకు తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి. అచ్చాఫీసులో ఒక సంతాప ప్రకటన నాన్న పేర్చాడు. పోయిన మనిషి పేరు ఉండాల్సిన చోట ప్రకటన ఇచ్చిన స్నేహితుడి పేరూ, స్నేహితుడి పేరు ఉండాల్సిన చోట పోయినవాడి పేరూ పడ్డాయి. చచ్చినవాడు బతికున్నవాడికి నివాళి అర్పించాడు. ప్రూఫు చూసినాయన వేరే, మిషను మీద ఎక్కించినాయన వేరే, నాన్న నోరు మెదపకపోతే ఎవరిమీదకైనా పోయేది. అది అచ్చయిన రోజు మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని ఆ స్నేహితుడి ఇంటి నీలం గేటు దగ్గరికి తీసుకెళ్ళాడు, పిల్ల ఉంటే కొట్టడన్న ధైర్యం కావచ్చు. లావుపాటి పెద్దాయన, బతికే ఉన్నాడు, బనీను వేసుకుని పేపరు చదువుకుంటున్నాడు. "ఆ వరసలు మార్చి పెట్టింది నేనేనండి" అన్నాడు నాన్న. పెద్దాయన పేపరు పక్కన పెట్టాడు. "పొద్దుట్నుంచి నలభైమంది ఫోను చేసి నేనే ఎత్తితే దడుచుకున్నారయ్యా. ఎంతమంది ఏడుస్తారో బతికుండగానే చూసుకున్నాను, పోనీలే" అన్నాడు, మాకు టీ ఇప్పించాడు. తిరిగొస్తూ నేను, నువ్వు చెప్పకపోతే ఆయనకి తెలిసేదా నాన్నా అని అడిగాను. తెలిసేది కాదన్నాడు. మరెందుకు చెప్పావన్నాను. మర్నాడు వెయ్యాల్సిన సవరణ కాగితం జేబులోంచి తీసి, నడిరోడ్డు మీద ఆగి, నేను చదువుకునేటట్టు నావైపు తిప్పి పట్టుకున్నాడు.

నావైపు తిప్పి. బెంచీ మీద నిటారుగా కూర్చున్నాను. అలాగే తిప్పాను. వాన, తెల్లటి దీపాలు, డ్రై ఐస్ పొగ, బల్లకి అవతల పక్క స్టీలు గిన్నెలో ఆయన, ఇవతల నేను, మధ్యలో ట్రే. ఎదురెదురుగా. ఖాళీ ట్రేని పెట్టెలోంచి తీసి మంచు మీద పెట్టేటప్పుడు, మూల నా ఎడమవైపు కాకుండా, అటువైపు నుంచి చూసేవాళ్ళకి ఎడమవైపు ఉండేట్టు తిప్పి పెట్టాను. చదవాల్సినవాళ్ళకి తిన్నగా ఉండాలి. ఆలోచించి పెట్టింది కాదు, చెయ్యి పెట్టింది. ఆయనకి చూపించుకుంటూ, నాకు అలవాటైనట్టే ఎడమనుంచి కుడికి నింపాను, ఒకటి, రెండు, మూడు. నాన్నా, నుదురు. నాన్నా, ఇది చేతులది. నాన్నా, ఇది నేనుండే చోటు. చిన్నప్పుడు అక్షరాలు అప్పజెప్పినట్టు లోలోపల అప్పజెప్పాను, ఇప్పుడు గుర్తొస్తోంది, పెదాలు కూడా కదిలాయి మాస్కు కింద.

తలుపు తెరుచుకుంది. "రండమ్మా" అంది మేడమ్, "సంతకం అయిందా?" మేడమ్ ఈ బ్యాంకుకి పెద్ద, నాకన్నా ఆరేళ్ళు చిన్న, మాట కటువు గాని అన్యాయం ఎరగదు. బల్లకి ఇవతల కూర్చున్నాను. లెక్కలపిల్ల కంప్యూటరు పట్టుకుని గోడ పక్కన నిలబడింది. "కాలేదు మేడమ్. నలభై ఒకటి ఈ జాబితాలోంచి తీసెయ్యాలి. ముక్కలు పాడవలేదు, ఈ పిల్ల లెక్కా తప్పు కాదు. ట్రే అటూ ఇటూ అయింది. ఒకటి తొమ్మిది, రెండు ఎనిమిది, మూడు ఏడు, నాలుగు ఆరు. మార్చి చూడమనండి." పిల్ల అప్పటికే నేల మీద చతికిలబడి టకటకా కొడుతోంది. మేడమ్ నన్నే చూస్తోంది. "పన్నెండేళ్ళ కిందటి ఒక ట్రే మీకెలా గుర్తుంది?" అంది. కోసింది నేను అన్నాను. "వందలు కోశారు కదా." అవును. "ఆయన మా నాన్న మేడమ్" అన్నాను. పిల్ల వేళ్ళు ఆగాయి. ఫ్రీజర్ల రొద గోడ ఇవతలికి కూడా వినబడుతుందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

మేడమ్ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది. "మీరు అనకపోతే నాకు తెలిసేది కాదు" అంది. తెలిసేది కాదన్నాను. "ఇది కాగితం మీద పెడితే విచారణ వెయ్యక తప్పదమ్మా నాకు. పింఛను దాకా పోకుండా చూస్తాను గాని మాట ఇవ్వలేను." సరే మేడమ్. "కూర్చున్నాయి" అంది పిల్ల కింద నుంచి, మెల్లిగా, "అన్నీ కూర్చున్నాయి. పై పొర ముక్కలు కూడా. అక్కయ్యా, అన్నీ." దాని కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, సంతోషమో, నామీద జాలో. ఏడోది చూపించు అన్నాను. కంప్యూటరు గుండెకి హత్తుకుంది. "వద్దు అక్కయ్యా." చూపించవే. చూపించింది. తక్కిన దాతల జ్ఞాపకాల ముక్కలో చుక్కలు కిక్కిరిసి ఉంటాయి, మా నాన్నదాంట్లో చుక్కకీ చుక్కకీ మధ్య ఎంత ఖాళీనో, గీతలు అక్కడొకటి, ఇక్కడొకటి. అందులో నేనున్నానా, లేనా, ఏ లెక్కా చెప్పదు, కానీ నా డెబ్భై ఎనిమిది అక్కడ లేదు. నన్ను ఎరిగి ఉన్నాడన్న నమ్మకం పోయింది, పోతే ఇంత నొప్పిగా ఉంటుందనుకోలేదు. "మూడోది కూడా చూడండి" అంది పిల్ల, నేను అడగకుండానే వేలితో జరిపింది. దట్టంగా ఉంది, గీత మీద గీత, ఒక్కచోట కూడా తెగలేదు. "ఇంత జబ్బులో ఇంత గట్టిగా ఇది ఎక్కడా చూడలేదు నేను. ఆయన చివరిదాకా ఏం చేసేవారు?" పేర్చేవాడు, పేర్చి నావైపు తిప్పి పెట్టేవాడు అన్నాను. అలా అంటూండగా అనిపించింది, ఎవరో తెలియని మనిషి కోసం రోజూ పక్కకి జరిగి చోటిచ్చింది ఇదన్నమాట అని. నన్ను కూతురని ఎరగకుండానే కూతుర్లా చూసుకుంది. ఇన్నేళ్ళూ తప్పు ట్యూబుకి దణ్ణం పెట్టుకున్నానా అంటే, కాదేమో.

మేడమ్ తెల్ల కాగితం, పెన్ను నా ముందుకి జరిపింది. నా పెన్ను నాకుందన్నాను. రాశాను. నలభై ఒకటో దాత ముక్కలు కోసి ట్రేలో పెట్టినది నేను. ట్రే మూల అవతలి వైపుకి తిప్పి పెట్టి ఇవతలి నుంచి నింపితిని. అందువల్ల చీటీల వరస తలకిందులైనది. మర్నాడు చీటీలు అంటించినవారి తప్పు గాని, నేడు లెక్క చేసినవారి తప్పు గాని లేదు. దాత నాకు తండ్రి అని తెలిసియే కోసితిని. కారణం అని వేసి, దాని పక్కన అలవాటు అని రాశాను. సాయంత్రం చెల్లికి ఫోను చెయ్యాలి, ఆ మంచి చెయ్యి నాదేనే అని చెప్పాలి. సంతకం పెట్టి, తేదీ వేసి, కాగితాన్ని బల్ల మీద తిప్పి మేడమ్ ముందుకి జరిపాను. జరిపాక చూసుకున్నాను నా చెయ్యి వంక, ఇంకా కాగితం అంచు మీదే ఉంది. మేడమ్ కళ్ళద్దాలు పెట్టుకుని చదవసాగింది. నేను కూడా ఇవతలి నుంచి, తలకిందులుగా, మొదటి మాట నుంచి చదువుకుంటూ వచ్చాను. తప్పులేమీ లేవు.